గండిలో వేసిన రెండు చీట్లు

ముప్పై ఒక్క ఏళ్లు ఒక మాటను కడుపులో పెట్టుకుని బతికాను. నా భార్యకు చెప్పలేదు. ఆవిడ చివరి రోజుల్లో మంచం పక్కన చేయి పట్టుకుని గంటలు గంటలు కూర్చున్నాను, అప్పుడూ చెప్పలేదు. కొడుకులకు చెప్పలేదు. ఈ ఏడాది మొదటిసారి నోరు విప్పాను. విప్పాక తెలిసింది, ఇది ఒక్కసారి చెబితే దిగిపోయే బరువు కాదని. మీరెవరో నాకు తెలియదు. నా ముఖం మీకు తెలియదు. అందుకే మీ దగ్గర కూర్చున్నాను.

ముందు నా హోటలు గురించి చెప్పాలి. అది చెప్పకపోతే తప్పు ఎంత పెద్దదో మీకు అందదు. ఇది సాకు కూడా కావచ్చు. గొప్పలు చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, ఒప్పుకోలు రాస్తూ కూడా ఆ బుద్ధి మానడం లేదు. కాస్త ఓర్చుకోండి.

హోటలు పేరు రాయను. ప్రొద్దుటూరు వాళ్లకు రాయకపోయినా తెలుస్తుంది. బంగారు అంగళ్లకు పోయే దారిలో మూల మీద ఉంటుంది. ఎనిమిది బల్లలు. నలభై ఏళ్లయింది, తొమ్మిదో బల్ల వేయలేదు. పెళ్లి నగల కోసం ఏ ఊరి నుంచి వచ్చినా ముందు మా దగ్గర కారం దోశ తిని, ఆ తర్వాతే నగల అంగడి మెట్లెక్కుతారు. జమ్మలమడుగులో పొద్దున్నే మొదటి బస్సు ఎక్కి, మా దోశ తిని, ఏ పనీ చూసుకోకుండా తిరుగు బస్సెక్కిన మనుషులను నేను ఎరుగుదును.

పిండిలో ఏనాడూ సోడా వేయలేదు. నిన్నటి పిండి ఈరోజు వాడలేదు. పదకొండు కొట్టగానే పెనం కింద మంట ఆపేస్తాం, ఇక ఎవరొచ్చినా అంతే. ఒకసారి పెద్ద నాయకుడొకాయన పదకొండుంబావుకు ఏడు కార్లతో దిగాడు. మంచినీళ్లిచ్చి పంపాను. వెంట ఉన్నవాళ్లు నన్ను కొరికేసేలా చూశారు. మర్నాడు ఆయన ఎనిమిదికే వచ్చి, అందరితో పాటు బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడి, రెండు దోశలు తిని పోయాడు. డెబ్భై దగ్గర పడ్డా పెనం ముందు ఇప్పటికీ నేనే నిలబడతాను. గరిటె ఒక్క చుట్టు తిప్పితే నడుమ నుంచి అంచు దాకా ఒకే మందం. ఈ విషయంలో నాకు వినయం లేదు. తెచ్చిపెట్టుకోవడం చేతకాదు.

కానీ జనం నా దోశ కోసం రారు. దాని మీద పూసే ఎర్రకారం కోసం వస్తారు. ఎండుమిరపకాయలు, మేం ఎర్రగడ్డలనే ఉల్లిపాయలు, తెల్లగడ్డలనే వెల్లుల్లి, ఉప్పు. అంతే, దాచుకోవడానికి ఏమీ లేదు. అయినా ఆ పాళ్లు, ఆ నూరే తీరు ఎవరికీ పట్టుబడలేదు. అది నా చేతి విద్య కాదు. ఓబులేసుది.

ఓబులేసూ నేనూ జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఒక హోటల్లో సర్వర్లుగా పరిచయమయ్యాం. నాకన్నా రెండేళ్లు చిన్న. తక్కువ మాట్లాడేవాడు. దేవుడంటే మహా గురి. నేను కొత్త ఊళ్లో హోటలు పెడదామంటే ఎందుకు, ఏమిటని అడగకుండా నా వెంట ప్రొద్దుటూరు వచ్చేశాడు. పెనం నాది, రోలు ఆయనది. తొమ్మిదేళ్లు అలా నడిపాం. ఊళ్లో మా ఇద్దరినీ అన్నదమ్ములనుకునేవాళ్లు. కాదని మేమూ ఎవరికీ చెప్పలేదు.

విడిపోవడం కూడా కొట్లాడి కాదు. మధ్యాహ్నం సంగటి, పప్పు కూడా పెడదామని ఆయన. టిఫిను తప్ప ఇంకేదీ వద్దని నేను. ఒక ఏడాది నలిగింది. ఇద్దరి ఇళ్లల్లో పిల్లలు పెరుగుతున్నారు, ఎనిమిది బల్లలు రెండు సంసారాలకు చాలడం లేదు. ఎవరో ఒకరు బయటికి పోవాలి. ఎవరికి రావాల్సింది వాళ్లకు లెక్కగట్టుకున్నాం, అందులో మోసం లేదు. పంచుకోవడానికి వీల్లేనిది ఒక్కటే మిగిలింది. ఆ మూల, ఆ పేరు.

పెద్దమనుషులను పిలుద్దామని నేనన్నాను. వాళ్లొస్తే ఏదో ఒక పక్కకు మొగ్గుతారనీ, మన మధ్య మాట పట్టింపు వస్తుందనీ, గండిలో ఆంజనేయస్వామి గుడికి పోయి స్వామి ముందు చీట్లు వేసుకుందామనీ ఓబులేసు అన్నాడు. రెండు చీట్లలో ఇద్దరి పేర్లు. ఒకటి తీస్తే ఎవరి పేరు వస్తే వాళ్లది హోటలు. రెండో వాళ్లు ఊరు వదలాలి.

మా వైపు ఈ చీట్లకు ఒక పద్ధతి ఉంది. దేవుడి ముందు తీసింది ఒక్క చీటీనే విప్పి చదువుతారు. రెండోది విప్పరు. విప్పితే స్వామిని అనుమానించినట్టు. పొలాలు పంచుకున్నా అంతే, ఇళ్లు పంచుకున్నా అంతే. మీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

చీట్లు నన్నే రాయమన్నాడు. నా చేతిరాత బాగుంటుంది. హోటల్లో నల్లబోర్డు మీద రోజూ టిఫిన్ల పేర్లు నేనే రాసేవాణ్ని, ముత్యాల్లా ఉన్నాయని బడి పంతుళ్లు ఆగి చూసేవాళ్లు. ఓబులేసు టెంకాయలు తేవడానికి పోయాడు. బల్ల మీద రెండు కాగితం ముక్కలు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి దాని మీద నా పేరు రాశాను. రెండో దాని మీద కూడా నా పేరే రాశాను.

చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, చేయి దానంతట అదే రాసిందని. అబద్ధం. ముందు రోజు సాయంత్రమే అనుకున్నాను. పెనం తుడుస్తుంటే అనుకున్నాను. ఇంతకూ ఎందుకు? ఆశా? ఆశే అయితే ఇంత సిగ్గుపడను. అసలు సంగతి భయం. ఓబులేసు యాడికి పోయినా బతుకుతాడు, చేతిలో ఆ కారం ఉంది. ఏ సందులో రోలు పెట్టుకు కూర్చున్నా జనం వెతుక్కుంటూ పోతారు. నేనో? దోశ పోసేవాళ్లు ఊరికి వందమంది. ఆ మూల పోతే, ఆ పేరు పోతే నేనెవరిని? పెద్ద మొనగాడిలా తిరిగే నాకు ఆ రోజు తెలిసింది, ఇద్దరిలో గొప్పవాడు ఆయనేనని. తెలిసింది కాబట్టే ఆ పని చేశాను. ఆయనకు విద్య ఉంది కదా, పేరు నేను తీసుకుంటే నష్టమేముంది అని సర్దిచెప్పుకున్నాను. ఈ సర్దుబాటు ఎంత తేలిగ్గా దొరికిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

వేంపల్లె మీదుగా గండికి పోయాం. గుడి ముందు పాపఘ్ని నదిలో ఆ ఏడు నీళ్లున్నాయి. స్నానం చేసి, తడి బట్టలతోనే స్వామి ముందు నిలబడ్డాం. పూజారి పళ్లెంలో చీట్లు వేసి కదిపి, చిన్నవాడివి కాబట్టి నువ్వు తీయమని ఓబులేసుతో అన్నాడు. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు దండం పెట్టుకున్నాడు. ఒకటి తీసి పూజారికిచ్చాడు. పూజారి నా పేరు చదివాడు.

ఓబులేసు ముఖంలో ఏమీ కనిపించలేదు. సాష్టాంగ పడ్డాడు. లేచి, పళ్లెంలో మిగిలిన చీటీని తీసి చేతిలోకి తీసుకున్నాడు. విప్పుతాడనుకున్నాను. విప్పితే బాగుండునని కూడా ఎక్కడో అనుకున్నానా? అనుకున్నాననే రాయాలని ఉంది, కానీ నిజం కాదు. విప్పొద్దు, విప్పొద్దు అని ఆ స్వామికే మొక్కుకున్నాను. ఓబులేసు మెట్లు దిగి నదిలోకి పోయి, ఆ చీటీని కళ్లకద్దుకుని నీళ్లలో వదిలేశాడు. నా దొంగతనాన్ని తన చేత్తోనే కడిగేశాడు.

అంతటితో ఆగి ఉంటే నేను మామూలు మోసగాణ్ని. ఆ తర్వాత జరిగిందే నన్ను తినేసింది. మర్నాడు పొద్దున నాలుగింటికి యథాప్రకారం హోటలుకు వచ్చాడు. పదిహేను రోజులు వచ్చాడు. నా భార్యను రోలు ముందు కూర్చోబెట్టి, మిరపకాయ ఎంత నానాలో, ఎర్రగడ్డ ఎప్పుడు వేయాలో, చేయి ఎప్పుడు ఆపాలో అన్నీ నేర్పించాడు. స్వామి నీకిచ్చినాక రుచి తగ్గగూడదు అన్నాడు. నేను తల వంచుకుని పెనం ముందు నిలబడ్డాను. అలా వచ్చిన కారంతోనే ఈ ముప్పై ఒక్క ఏళ్లు మీసం మెలేశాను.

ఆయన పులివెందులకు పోయాడు, భార్య తరఫు వాళ్లు అక్కడ ఉన్నారు. కారం దోశ పెడతాడనే అనుకున్నాను, మనసులో ఆ లెక్క చూసుకునే కదా చీట్లు రాసింది. పెట్టలేదు. సంగటి, పప్పు క్యారియర్లు పెట్టుకున్నాడు. తర్వాత్తర్వాత తుమ్మలపల్లె గనికి పనికి పోయేవాళ్లు కొందరు ఆ క్యారియర్లు తీసుకునేవాళ్లు. ఇల్లు గడిచింది, అంతే. కారం నూరవయ్యా అని ఎంతమంది అడిగినా, అది స్వామి వేరే వాళ్లకు ఇచ్చినాడని చెప్పి రోలు ముట్టుకోలేదట. ఊరు వదలాలన్న షరతు మేం పెట్టుకున్నది. విద్య వదలాలన్న షరతు ఆయన తనకు తాను పెట్టుకున్నాడు. నేను ఒక మూల కాజేశాననుకున్నాను. తీరా చూస్తే ఆ మనిషి చేతులే తీసేసుకున్నాను.

ఇది నాకు రెండేళ్లకే తెలిసింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. ఏటా శ్రావణ మాసంలో ఒక శనివారం గండికి పోయి, అక్కడి నుంచి ప్రసాదం తీసుకుని నా హోటలుకు వచ్చేవాడు. మూల బల్ల దగ్గర కూర్చుని ఒక దోశ తినేవాడు. స్వామి సరైన చేతికే ఇచ్చినాడని చెప్పి పోయేవాడు. ఆ ఒక్క పూట పెనం మీద నుంచి తల ఎత్తేవాణ్ని కాదు. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ నేను రాజును. ఇది దాచను. సిగ్గుతో కుంగిపోయానని రాస్తే మీరు నమ్ముతారేమో గానీ, నేను కుంగిపోలేదు. గర్వంగానే బతికాను. ఆ గర్వం కింద ఒక చీటీ ఉందని రోజుకొకసారి గుర్తొచ్చేది, అంతే. గండికి మాత్రం మళ్లీ పోలేదు. శనివారాలు హోటల్లో రద్దీ అని ఇంట్లో చెప్పేవాణ్ని.

ఈ ఏడాది ఎండాకాలం మొదట్లో ఓబులేసు కూతురు రేణుక వచ్చింది. పదకొండు దాటింది, పెనం దింపేశాం. ఆ పిల్లను లోపల కూర్చోబెట్టాను. ఆ పిల్ల భర్త గనిలో కాంట్రాక్టు పని చేసేవాడు, ఆ పని పోయిందట. ఓబులేసుకు వయసు మీద పడి క్యారియర్లు ఆగిపోయాయి. ఆ పిల్ల పులివెందుల బస్టాండు దగ్గర చిన్న టిఫిను హోటలుకు చోటు చూసుకుంది. కారం దోశ తప్ప ఇంకేది పెట్టినా అక్కడ నిలబడదు, ఉన్న హోటళ్లే ఎక్కువ. కారం నేర్పమంటే తండ్రి ఒప్పుకోవడం లేదు.

“నేను సచ్చినాంక పెట్టుకో అంటాండాడు పెద్దనాయనా,” అంది. “నీ మాట తప్ప ఎవురి మాటా ఇనడు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు.”

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏదో నాలుగు మాటలతో ఓదార్చి పంపేవాణ్నేమో. నా వైపు అలా సూటిగా చూస్తూ కూర్చుంది. ఆదివారం వస్తానని చెప్పాను.

దారి పొడుగునా బస్సులో ఒక ఉపాయం పన్నుకుంటూ పోయాను. నిజం చెప్పక్కర్లేదు, నేను ఒప్పుకుంటున్నాను, నా తరఫున అడ్డు లేదు అంటే సరిపోతుంది. రేణుక పని అవుతుంది, నా పరువు నిలబడుతుంది. చూశారా, అప్పటికీ నాకు పరువే ముందు.

ఓబులేసు నన్ను చూసి సంబరపడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన ఇంటికి నేను పోవడం అదే మొదలు. మజ్జిగ తెప్పించాడు. పెనం ఇంకా నువ్వే చూస్తున్నావా అని అడిగాడు. నేను పన్నుకున్న మాట చెప్పాను. పెట్టుకోనీ, నాకు సమ్మతమే అన్నాను. ఆయన నవ్వాడు.

“నువ్వెట్ల ఒప్పుకుంటావప్పా? ఇచ్చింది నువ్వు గాదు గదా.” నా గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోశాడు. మళ్లీ ఆయనే అన్నాడు. “ఆ పొద్దు స్వామి నన్ను వద్దన్యాడు. ఏం తప్పు జేసినానో ఈ పొద్దుటికీ తెలీదు. శానా ఆలోచన జేసినా. మా యమ్మ దినం పొద్దు గూడా హోటలు మూయకుండా కారం నూరినా, అందుకేనేమో అనుకున్యా. ప్రతి శ్రావణానికీ పోయి అదే అడుగుతాండా. చెప్పడం ల్యా.”

ఆయన గండికి ఏటా ఎందుకు పోతున్నాడో నాకు అప్పుడు తెలిసింది. భక్తి అనుకున్నాను. మొక్కు అనుకున్నాను. ఆ మనిషి ముప్పై ఒక్క ఏళ్లు తన తప్పేమిటో చెప్పమని దేవుణ్ని అడుగుతూ తిరిగాడు. తప్పు చేసినవాడు ఇక్కడ దోశలు పోస్తూ, ఆయన తెచ్చిన ప్రసాదం తిన్నాడు.

గ్లాసు కింద పెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నది ఉన్నట్టే అనేశాను.

“రెండు చీట్లల్లోనూ నా పేరే రాసినా ఓబులేసూ.”

అర్థం కానట్టు చూశాడు. మళ్లీ చెప్పాను. నువ్వు నీళ్లలో వదిలిన దాంట్లో కూడా నా పేరే ఉండింది, నీ పేరు ఏ చీటీలోనూ లేదు అన్నాను. కోపం వస్తుందనుకున్నాను. చెప్పు తీసుకుని కొట్టినా కూర్చోవాలనుకున్నాను. ఆయన కళ్లు నా మీద లేవు. గోడకున్న ఆంజనేయస్వామి పటం మీద ఉన్నాయి.

“అంటే, స్వామి నన్ను వద్దనల్యా?”

“వద్దనల్యా. వద్దనింది నేను.”

పై పంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఎంతసేపని చెప్పలేను. తర్వాత ముఖం తుడుచుకుని, వాకిలి దగ్గర నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. మిరపకాయలు తొడిమలు తీసి నానబెట్టు, పొద్దుగూకకముందే నూరుదాం అన్నాడు. లేచి లోపలికి పోయాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనక్కడ ఉన్నట్టే చూడలేదు. కాసేపు కూర్చుని, లేచి, చెప్పులేసుకుని వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అడిగితే మళ్లీ నా గొడవే అవుతుంది.

తిరుగు బస్సులో నిద్రపోయాను. నాకు బస్సులో నిద్ర పట్టదు. ఆ రోజు కండక్టరు భుజం తట్టి లేపేదాకా ప్రొద్దుటూరు వచ్చిందని తెలియలేదు.

నెల తిరక్కముందే రేణుక హోటలు తెరిచింది. నన్ను పిలవలేదు. ఈ శ్రావణంలో ఓబులేసు రాలేదు. ఆ నెల ప్రతి శనివారమూ మూల బల్ల ఎవరో ఒకరితో నిండే ఉంది గానీ, నాకు ఖాళీగానే కనిపించింది. మాట్లాడతాడని ఎదురుచూడటం లేదు. ఎదురుచూసే హక్కు నాకు లేదని తెలుసు.

పులివెందుల బస్సు కండక్టరొకతను మా దగ్గర రోజూ తింటాడు. అతనితో ఒక పొట్లం తెప్పించుకున్నాను. ఎవరూ చూడకుండా లోపల కూర్చుని తిన్నాను. దోశ నాదే మేలు, ఇందులో మొహమాటం లేదు, ఆ పిల్లకు అంచు కాల్చడం ఇంకా రాలేదు. కారం నోట్లో పెట్టుకోగానే తెలిసింది. నా భార్య నేర్చుకున్నది, ఆవిడ పోయాక నా కోడళ్లు నూరుతున్నది, నేను జిల్లా అంతా చాటుకున్నది దానికి దూరపు చుట్టం మాత్రమే. ముప్పై ఒక్క ఏళ్లు ముట్టుకోకపోయినా ఆ చేయి మరిచిపోలేదు. నాకు ఏడుపొచ్చింది. గర్వంగా కూడా అనిపించింది. ఆ మనిషి ఒకప్పుడు నా పక్కన నిలబడి పనిచేశాడు.

మొన్న జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒకాయన చేతులు కడుక్కుంటూ, ఇంత మంచి కారం దోశ ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదన్నాడు. ఎన్ని ఏళ్లుగా ఈ మాటకు తలూపుతూ వచ్చానో లెక్కలేదు. ఈసారి, పులివెందులలో ఉందన్నాను. అదే అసలుది, మాది దాన్ని చూసి నేర్చుకున్నది అన్నాను. ఆయన వేళాకోళం అనుకున్నాడు. అసలుది అక్కడుంటే ఈ పేరు మీకెలా వచ్చిందని అడిగాడు.

గరిటె కోడలి చేతికిచ్చాను. ఆయన్ను మళ్లీ బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చెప్పాను.